దూరపు ఆసుపత్రి: లాక్‌డౌన్‌లో హెచ్‌ఐవీ వైద్యం

2020 మార్చి 25న భారతదేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు రైళ్లూ బస్సులూ నిలిచిపోయాయి. ప్రభుత్వాసుపత్రులు కోవిడ్ పనిలో మునిగి, బయటి రోగులకు ఇచ్చే సేవలను చాలాచోట్ల తగ్గించాయి. హెచ్‌ఐవీతో జీవించేవారి వైద్యం సాగేది ప్రధానంగా ఈ సేవల మీదే. రోజూ మాత్రలు, గడువు ప్రకారం రక్తపరీక్షలు, కౌన్సెలింగ్ ఇందులో ముఖ్యం. మాత్రలు ఆగితే అణగి ఉన్న వైరస్ తిరిగి పెరుగుతుంది. ఆపుతూ వేసుకుంటూ ఉంటే మందులకు లొంగని రకాలు తలెత్తే ప్రమాదముంది.

ఈ వైద్యం సామాన్యులకు అందుబాటులోకి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మూడు మందుల చికిత్సకు పాశ్చాత్య దేశాల్లో ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అవుతున్న రోజుల్లో, 2001లో సిప్లా దానిని స్వచ్ఛంద వైద్య సంస్థకు 350 డాలర్లకే ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం 8 ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స ప్రారంభించింది. 2019 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవించేవారు సుమారు 23.5 లక్షల మంది. వీరి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది.

ఏఆర్‌టీ కేంద్రాలు పెరిగినా, దగ్గరి కేంద్రాన్ని కాదని దూరపు ఊరికి వెళ్లే రోగులు తగ్గలేదు. వరుసలో నిలబడితే తెలిసినవారి కంట పడతామన్న భయమే ఇందుకు కారణం. వారికి దూరమే రక్షణ. లాక్‌డౌన్‌తో ఆ రక్షణే అడ్డుగోడ అయింది. ప్రయాణానికి కారణం చెప్పవలసి వస్తే పోలీసులకూ, తోటివారికీ జబ్బు సంగతి చెప్పవలసి వచ్చేది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఈ చిక్కుకు కొన్ని దారులు చూపింది. నెలనెలా ఇచ్చే మందును ఒకేసారి మూడు నెలలకు ఇవ్వడం, రోగి ఎక్కడ చిక్కుకుంటే అక్కడి కేంద్రంలోనే తీసుకోనివ్వడం, సముదాయ కార్యకర్తల ద్వారా ఇంటికి చేర్చడం వాటిలో ముఖ్యమైనవి. మొదటి రెండూ వలసకూలీలకు ప్రత్యేకంగా అవసరమైనవి. మూడవది మాత్రం కత్తిమీద సాము. ఇంట్లోవారికి తెలియని రోగికి గుమ్మం ముందు పొట్లం రావడమే ప్రమాదం. హెచ్‌ఐవీ స్థితిని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతున్నా, వీధిలో ఎదురయ్యే కుతూహలాన్ని చట్టం ఆపలేదు.

మందుల సరఫరాలోనూ ఇటువంటి వైచిత్రి ఉంది. వర్ధమాన దేశాలు వాడే హెచ్‌ఐవీ మందుల్లో ఎక్కువ భాగం భారతీయ కంపెనీలవే; వాటిలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే హెటెరో, అరబిందో వంటివి ఉన్నాయి. విమానాలు ఆగి రవాణా కుంటుపడిన వేళ, 73 దేశాలు మందుల కొరత ముప్పులో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూలైలో హెచ్చరించింది. ఇటు, ఆ మందులు తయారయ్యే ప్రాంతంలోని రోగికీ జిల్లా సరిహద్దు దాటడం కష్టమైంది.

ఆరోగ్యం నిలకడగా ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలలకొకసారి వస్తే చాలునని ఆ సంస్థ 2016లోనే సూచించింది. దక్షిణాఫ్రికా 2014 నుంచే ఆసుపత్రి బయట ఏర్పాటు చేసిన చోట్ల మందులు అందిస్తోంది. నెలనెలా ప్రయాణం చాలామందికి వైద్యపరంగా అవసరం కాదని ముందే తెలుసు. మహమ్మారి దానిని విస్తృతంగా ఆచరణలోకి తెచ్చింది. మూడు నెలల మందు ప్రయాణాల సంఖ్యను తగ్గించగలదు. దగ్గరి ఆసుపత్రిని కాదనిపించే భయం మాత్రం ఆ సీసాతో తీరేది కాదు.