రెండో మెట్టు మీద మన హైదరాబాద్: 2023–24 ఐ-లీగ్ కహానీ

2023–24 ఐ-లీగ్ ముగిసిన రోజు పాయింట్ల పట్టీలో పైన రెండు పేర్లున్నాయి. మొదటిది కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్, 52 పాయింట్లు. రెండోది హైదరాబాద్ శ్రీనిధి డెక్కన్, 48 పాయింట్లు. పదమూడు జట్లు, ఒక్కో జట్టుకి 24 మ్యాచ్‌లు, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా సాగిన సీజన్. టీవీ చర్చల్లో దీని ఊసే లేదు. మా కర్నూల్లో పది మందిని ఆపి అడిగితే తొమ్మిది మంది "ఐ-లీగా? అదేం లీగు భాయ్?" అంటారు. తప్పు వాళ్లది కాదులెండి. ఐ-లీగ్ అప్పుడు మన దేశ ఫుట్‌బాల్‌లో రెండో మెట్టు. కింది మెట్టు మీద నిలబడ్డవాళ్ల మీద ఎవరి నజర్ పడుతుంది?

కానీ ఆ రెండు పేర్ల వెనక ఉన్న తవారీఖ్ తెలిసినవాళ్లు ఆ పట్టీని అంత తేలిగ్గా దాటిపోలేరు. ఒకప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, హైదరాబాద్. ఆ రెండు షహర్‌లూ కింది మెట్టు మీద నిలబడి, పైకి పోయే ఒకే ఒక్క తలుపు కోసం పోటీ పడ్డ సీజన్ అది.

ముందు మొహమ్మడన్ సంగతి చెప్తా. క్లబ్ పుట్టింది 1891లో. 1934లో కలకత్తా లీగ్ గెలిచింది. అప్పటిదాకా ఆ లీగ్ గోరాల జట్లదే, గెలిచిన మొదటి హిందుస్తానీ క్లబ్ ఇదే. అక్కడితో ఆగలేదు, 1938 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. 1940లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్ మీద 2–1తో గెలిచింది. ఫౌజీ జట్ల సొత్తుగా ఉన్న ఆ కప్పు ఒక హిందుస్తానీ సివిలియన్ క్లబ్ చేతికి రావడం అదే మొదటిసారి. ఆ జమానాలో దేశంలో యాడ ముసల్మాన్ మొహల్లా ఉంటే ఆడ ఆ పేరు ఇజ్జత్‌తో పలికేవాళ్లు.

ఆ జట్టువాడే మొహమ్మద్ సలీం. 1936లో స్కాట్లాండ్ పోయి గ్లాస్గో సెల్టిక్ చొక్కా తొడిగాడు. కాళ్లకి బూట్లు లేవు, గుడ్డ పట్టీలు మాత్రమే. శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ వంగి సలీం పాదాలకి పట్టీ కడుతున్న తస్వీర్ ఇప్పటికీ దొరుకుతుంది. హామిల్టన్ మీద 5–1, గాల్‌స్టన్ మీద 7–1, ఆ రెండు మ్యాచ్‌లు ఆడాడు. అవి సెల్టిక్ పెద్ద జట్టు ఆడే లీగ్ మ్యాచ్‌లు కావు. అయినా యూరప్ క్లబ్‌కి ఆడిన మొదటి హిందుస్తానీగా తవారీఖ్‌లో ఆయన పేరు నిలిచింది. ఉండమన్నా ఉండలేదు, వతన్ యాదొచ్చి వెనక్కి వచ్చేశాడు. పెద్ద మైదానంలో ఆడిందే ఆట అనుకునేవాళ్లకి నేను సలీం సంగతి చెప్తుంటా.

ఇక హైదరాబాద్. ఇక్కడ కర్నూలు, కడప వాళ్లం కొంచెం ఆగి మన హిసాబు చూసుకోవాలి. 1800లో నిజాం కడప, బళ్లారి ఇలాఖాలు కంపెనీకి రాసిచ్చాడు. 1839లో కంపెనీ మా కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ని దించి కర్నూలునూ కలుపుకుంది. అట్లా మనం మద్రాసు వైపు పడ్డాం. తుంగభద్ర దాటితే అలంపూర్, ఆ పక్కంతా నిజాం రాజ్యం. మాటా, తిండీ, రిష్తాలూ ఆ ఒడ్డుతో. కచేరీ, కాగితాలూ ఈ ఒడ్డుతో. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు పెట్టి మూడేళ్లు నడిపారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది, రాజధాని హైదరాబాద్‌కి పోయింది. మనకి పోయింది రాజధాని, దక్కింది హైదరాబాద్. దాంతో పాటు హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా మనదైంది.

సరిగ్గా నెల తిరిగేసరికి, 1956 డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియా మీద 4–2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టుకి ఉస్తాద్ మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లోడు తులసీదాస్ బలరాం. ఇండియా సెమీఫైనల్ దాకా పోయి నాలుగో స్థానంలో నిలిచింది. మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు. కొత్త రాష్ట్రానికి నెల నిండగానే వచ్చిన ఆ ఖుషీని మన పాఠ్య పుస్తకాల్లో నేనైతే ఎక్కడా చదవలేదు.

రహీం సాబ్ అసలుకి స్కూలు మాస్టరు. 1943 నుంచి ఇంతికాల్ అయ్యేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. ఆయన తాలీమ్ తరీకా చూడండి: బంతిని కాలికింద పెట్టుకుని ఒక్కడే తిప్పుకుంటూ పోకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవాడు. పాస్ చెయ్యడం రావాలి కదా! 1950లో ఆయన చేతికొచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ ఏడే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ తెచ్చింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో మళ్లీ డ్యూరాండ్. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరుతో రెండుసార్లు వచ్చింది, 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి.

ఈ కప్పుల వెనక అసలు సరుకు పోలీస్ నౌకరీ. గల్లీలో బాగా ఆడే గరీబు పిల్లోడికి కానిస్టేబుల్ ఉద్యోగం, నెల తలబు, పొద్దున సాయంత్రం మైదానం. ఆ పిల్లల్లో చాలామంది మన ముసల్మాన్ ఇళ్లవాళ్లు. 1948 తర్వాత హైదరాబాద్‌లో ముసల్మాన్లకి సర్కారీ నౌకరీలు ఎట్లా తగ్గాయో తెలిసినవాళ్లకి, ఒక ఆట కొన్ని ఇళ్ల పొయ్యి వెలిగించిందంటే దాని ఖీమత్ అర్థమవుతుంది.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో, మనకి వ్యతిరేకంగా అరిచే జనం మధ్య, రహీం సాబ్ జట్టు కొరియాని 2–1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. 1963 జూన్ 11న కేన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. హైదరాబాద్ ఆట ఒక్కరోజులో కూలలేదు. పిల్లలు కలకత్తా దారి పట్టారు. బలరాం ముందే ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. తర్వాత మొహమ్మద్ హబీబ్ వెళ్లి, అక్కడి మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా ముగించిన మ్యాచ్‌లో హబీబ్ ఒక గోల్ కొట్టాడు. ఇక్కడ మాత్రం జట్లు పలచబడ్డాయి, నౌకరీలూ పలచబడ్డాయి. నా లెక్కలో హైదరాబాద్ ఫుట్‌బాల్‌ని పడేసింది హునర్ తగ్గడం కంటే జీతం తగ్గడం. ఉస్తాద్ మళ్లీ దొరకొచ్చు, పొయ్యి వెలగకపోతే పిల్లోడు మైదానానికి రాడు.

2023 ఫిబ్రవరిలో బలరాం పోయారు. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్ సాబ్ పోయారు. రెండు నెలలకి, అక్టోబర్ 28న, నేను చెప్తున్న సీజన్ మొదలైంది.

ఆ శ్రీనిధి డెక్కన్ యాడిది అంటారా? ఇది మనకి సంబంధించిన ముచ్చటే. 2020లో ఆలిండియా ఫెడరేషన్ ఐ-లీగ్‌లో చోటిచ్చింది విశాఖపట్నం పేరు మీద. అంటే ఆంధ్రప్రదేశ్‌కి. ఆడటం మొదలయ్యేసరికి అది హైదరాబాద్ జట్టు అయింది, సొంత మైదానం అజీజ్ నగర్‌లో డెక్కన్ అరేనా. 1956లో కర్నూలు నుంచి రాజధాని పోయినట్టే ఇదీ అదే దారి పట్టింది! తమాషాకే అంటున్నా, కానీ పూర్తిగా తమాషా కూడా కాదు. సీమలో ఫుట్‌బాల్ తాలీమ్‌కి పేరున్న చోటంటే అనంతపురం ఆర్డీటీ మైదానాలే. కర్నూలు, కడప పిల్లోడు ఆ జట్టుకి ఆడాలంటే ఇప్పుడు వేరే రాష్ట్రానికి పోవాలి.

జట్టు మాత్రం మంచిదే. మొదటి సీజన్ 2021–22లో మూడో స్థానం. 2022–23లో రెండో స్థానం, పంజాబ్ గెలిచి పైకి పోయింది. ఐ-లీగ్ గెలిచినవాళ్లకి ఐఎస్ఎల్ తలుపు తెరిచింది ఆ ఏడే. 2023–24లో మళ్లీ రెండో స్థానం. ఒక్క తలుపు, ఒక్కడికే దారి. ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మొహమ్మడన్ 2–1తో లజోంగ్‌ని ఓడించింది. మొదటి నిమిషంలోనే అలెక్సిస్ గోమెజ్ గోల్, రెండో సగంలో కొజ్లోవ్ గెలుపు గోల్. ఇంకో మ్యాచ్ మిగిలుండగానే లీగ్ వాళ్లదైంది. ఆ రోజు రంజాన్ 26వ రోజా, ఆ రాత్రి తాఖ్ రాత్. 2014లో పైసల్లేక సీనియర్ జట్టునే మూసేసిన క్లబ్ అది. మళ్లీ లేచి, మెట్టు మెట్టు ఎక్కి వచ్చింది. ఈద్ వారంలోనే రహీం సాబ్ మీద తీసిన 'మైదాన్' సినిమా హాళ్లలోకి వచ్చింది. సినిమా చూసి జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. అదే వారంలో ఆయన షహర్ జట్టు నాలుగు పాయింట్ల తేడాతో కింద ఉండిపోయింది. దాని ఫికర్ ఎవరికుంది?

ఇన్సాఫ్ మాట ఇక్కడ అడగాలి. అదే 2023–24లో పై మెట్టు ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టుంది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచిన జట్టే. జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోగా, ఈ సీజన్లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. స్కాట్లాండ్‌లో అయితే ఆఖర్న నిలిచినవాడు కిందికి దిగాలి, అది రివాజు. ఐఎస్ఎల్‌లో అప్పుడు దిగడం అన్నదే లేదు. పైన ఒక్క మ్యాచ్ గెలిచిన హైదరాబాద్ పైనే ఉంది. కింద 48 పాయింట్లు తెచ్చుకున్న హైదరాబాద్ కిందే ఉంది.

మొహమ్మడన్ పైకి పోయి 2024–25లో ఆఖరి స్థానంలో నిలిచింది. దాన్నీ ఎవరూ దించలేదు. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని ఢిల్లీ జట్టయిపోయింది. విశాఖకి రాసిన చోటు ఇంకా అజీజ్ నగర్‌లోనే ఉంది.