రెడ్‌ఫర్న్ ఎవరిది?

సిడ్నీ నగరం నడిబొడ్డుకి దగ్గర్లోనే రెడ్‌ఫర్న్ అనే పేట ఉంది. ఆ పేరు ఓ డాక్టరుది. తిరుగుబాటు నేరం మీద ఇంగ్లండు నుంచి ద్వీపాంతరం పంపిన ఖైదీ అతను. 1817లో గవర్నరు అక్కడ అతనికి 100 ఎకరాలు రాసిచ్చాడు. ఆ నేల గాడిగల్ ఆదివాసులది. వాళ్లనెవరూ అడగలేదు. పటం మీద ఖైదీ పేరు మిగిలింది.

గాడిగల్ నేలకి ఆదివాసులు మళ్లీ కూలీలుగా వచ్చారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో, మిషన్ల నుంచో వచ్చి ఈవ్‌లీ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరారు. 1970లో తమ న్యాయ సహాయ కేంద్రాన్నీ, 1971లో తమ వైద్యశాలనీ రెడ్‌ఫర్న్‌లోనే తెరిచారు. 1973లో విట్లం ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఆదివాసుల హౌసింగ్ కంపెనీ అక్కడ వరస ఇళ్లు కొనసాగింది. జనం దాన్ని 'బ్లాక్' అన్నారు. దేశం నలుమూలల నుంచి సిడ్నీలో దిగిన ఆదివాసి తనవాళ్లని వెతుక్కుంటూ ముందు అక్కడికే వచ్చేవాడు.

పత్రికలకి మాత్రం అది మత్తుమందుల అడ్డా. పూర్తిగా అబద్ధమని నేననను. హెరాయిన్ వచ్చింది, ఇళ్లు పాడుబడ్డాయి. వాటిని కూలగొట్టించింది కూడా ఆ హౌసింగ్ కంపెనీయే. మనవాళ్ల చేతిలో ఉన్నంత మాత్రాన మన గూడు నిలుస్తుందని నమ్మకం లేదు.

2014 మేలో ఆదివాసి స్త్రీలు ముందు నిలబడి ఆ ఖాళీ స్థలంలో గుడారాలు వేశారు. దుకాణాలు తర్వాత, ముందు మా ఇళ్లు కట్టండన్నారు. ఏడాది దాటినా కదల్లేదు. 2015 ఆగస్టులో 62 ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 50 లక్షల డాలర్లు ఇస్తానన్నాకే గుడారాలు ఎత్తారు.

చట్టం ఏం చేసిందంటారా? ఆ రాష్ట్రంలో తవ్వకాల్లో రాతిగొడ్డలి దొరికితే కాపాడాలని 1974 నాటి చట్టం ఒకటుంది. దాని పేరు జాతీయ పార్కులు, వన్యప్రాణుల చట్టం! కంగారూలనీ, ఆదివాసుల ఆనవాళ్లనీ ఒకే గాట కట్టారు. పోనీ అందులోనైనా రాయికి చోటుంది. ముసలమ్మ కూర్చుని పిల్లలకి తాతల కథలు చెప్పిన గుమ్మానికి లేదు.

ఇళ్లు కట్టారు. పక్కనే విద్యార్థుల కోసం 24 అంతస్తుల భవనం కూడా లేచింది. ఆ మొత్తం పథకానికి పెముల్వాయ్ పేరు పెట్టారు. తెల్లవాళ్లతో పన్నెండేళ్లు పోరాడిన ఆదివాసి యోధుడు అతను. 1802లో చంపి, తల నరికి ఇంగ్లండుకు పంపారు. ఆ తల తిరిగి రాలేదు.