పంట నమూనాలలో బహిరంగ పరిశోధన

పైరు ఎదుగుదలను గణిత సూత్రాలుగా మలచి కంప్యూటర్‌తో లెక్కించే సాధనమే పంట నమూనా. దానికి వాడిన కొలతలు, కోడు, ఫలితాలు ఇతరులు సరిచూసుకునేలా, తిరిగి నడపగలిగేలా అందరికీ అందించడాన్ని బహిరంగ పరిశోధన అంటారు. తెలుగు నేలపై దీని చరిత్ర ప్రధానంగా పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌తో ముడిపడి ఉంది.

తొలి దశ

ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్ర పల్లెల్లోనూ గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. ఏ చెలకలో ఏం వేశారు, ఎంత ఖర్చయింది, ఎంత పండిందన్న వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఈ దత్తాంశం తర్వాతి కాలంలో ప్రపంచ పరిశోధకులందరికీ అందుబాటులోకి వచ్చింది.

అదే కాలంలో అమెరికాలోని టెక్సస్‌లో తయారైన జొన్న నమూనాను మన వాతావరణంలో పరీక్షించే పని సాగింది. ఒకే ఊరి కొలతలు దానికి చాలలేదు. అందుకే దేశంలోని పలు కేంద్రాల్లో ఒకే పద్ధతిన జొన్న వేసి, ఆ కొలతలతో నమూనాను సవరించారు.

1983 సదస్సు

1983 మార్చి 21 నుంచి 26 వరకు పటాన్‌చెరులో కనీస దత్తాంశంపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికా సహాయ నిధులతో హవాయి విశ్వవిద్యాలయం నడిపిన ఇబ్‌స్నాట్ ప్రాజెక్టు దీనికి నేపథ్యం. నమూనా నడవాలంటే ప్రతి ప్రయోగంలోనూ తప్పక కొలవవలసినవి ఏవన్నది అక్కడి చర్చనీయాంశం. రోజువారీ ఎండ, వాన, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, నేల పొరలు నీటిని పట్టి ఉంచే శక్తి, విత్తిన తేదీ, వంగడం, మొక్కల సాంద్రత, ఎరువులు, నీటి తడులు, పూత, కోత, దిగుబడి వంటివి ఆ కనీస దత్తాంశంలో చేరాయి. ఒక దేశంలో తీసిన కొలత మరో దేశంలోని నమూనాకు పనికి రావాలంటే ఇలాంటి ఒప్పందం తప్పనిసరి. కోడు బహిరంగం కావడానికి చాలా ముందే బహిరంగ పరిశోధనకు పడిన పునాది ఇది.

నమూనాల పరీక్ష

1989లో ఇబ్‌స్నాట్ నుంచి డీశాట్ అనే నమూనాల సముదాయం వెలువడింది. అదే ఏడాది జాన్ మాంటీత్, సహచరులు ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జలకు రెస్‌క్యాప్ నమూనాను ప్రచురించారు. ఫ్లోరిడాలో రూపొందిన వేరుశనగ నమూనా పీనట్‌గ్రోను పటాన్‌చెరు శాస్త్రవేత్తలు కదిరి-3గా పేరొందిన రోబట్ 33-1 వంగడంపై పరీక్షించి, 1994లో ఫలితాలు వెల్లడించారు. నమూనా చెప్పిన దిగుబడిని పొలంలో వచ్చిన దిగుబడి పక్కన పెట్టి చూపడం ఈ పరీక్షల్లోని ముఖ్యమైన క్రమశిక్షణ.

2010లో మొదలైన ఆగ్‌మిప్ వేదిక ఈ పోలికను మరింత విస్తరించింది. ఒకే దత్తాంశాన్ని 27 గోధుమ నమూనాలకు ఇచ్చి నడిపిన అధ్యయనం 2013లో వచ్చింది. వాతావరణ మార్పు ప్రభావాన్ని అవి ఒకదానికొకటి ఎంతో తేడాగా అంచనా వేశాయి. ఏదో ఒక్క నమూనాను గుడ్డిగా నమ్మరాదని ఈ పోలిక రుజువు చేసింది.

కోడు, దత్తాంశ విధానాలు

ఒకప్పుడు రుసుము కట్టి తెచ్చుకోవలసిన డీశాట్ ఇప్పుడు ఉచితం. దాని కోడు స్వేచ్ఛా లైసెన్సుతో గిట్‌హబ్‌లో ఉంది. ఇక్రిశాట్ పరిశోధకులు కంది నమూనాకు తోడ్పడిన ఆస్ట్రేలియా సముదాయం ఆప్సిమ్ కోడునూ ఎవరైనా చదవవచ్చు, కాని వాణిజ్య అవసరాలకు వేరే లైసెన్సు కావాలి. కోడు కనిపించినంత మాత్రాన దాన్ని వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు.

భారత ప్రభుత్వం 2012లో జాతీయ దత్తాంశ పంపిణీ విధానాన్ని ప్రకటించింది. ఇక్రిశాట్ మాతృసంస్థ సీజీఐఏఆర్ 2013లో బహిరంగ ప్రాప్తి విధానాన్ని ఆమోదించింది. దత్తాంశం వెతికితే దొరకాలి, అందాలి, ఇతర దత్తాంశంతో కలవాలి, తిరిగి వాడుకోవడానికి వీలుండాలి అన్న ఫెయిర్ సూత్రాలు 2016లో వచ్చాయి.

ప్రాముఖ్యం

వరంగల్ మట్టెవాడలో ఉన్న విద్యార్థి అయినా నేడు డీశాట్‌ను ఉచితంగా దించుకుని వేరుశనగ దిగుబడిని లెక్కించవచ్చు. అయితే ఆ ఫలితం మరొకరి చేతిలోనూ రావాలంటే వాడిన కోడు సంచిక, వంగడపు గుణకాలు, నేల వివరాలు, వాతావరణ దత్తాంశపు మూలం అన్నీ కలిపి ప్రచురించాలి. రైతు కుటుంబాల వివరాలైతే పేర్లు తెలియకుండా కాపాడడం అంతే ముఖ్యం. కరవు అంచనా నుంచి విత్తే తేదీ సలహా దాకా ఈ నమూనాల మాట రైతు బతుకును తాకుతుంది. కాబట్టి వాటి లెక్కను ఎవరైనా తిరగేసి చూడగలగడం ప్రజల హక్కు.