ఉద్దానం దారుల్లో కరెంటు వ్యాన్లు: వెనక కమాన్ల లెక్క

ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ మోయగలిగేది 600 కిలోలు, అంటే ఏడున్నర బస్తాలు. 2024 నాటి ఈవీ 1000కు టన్ను, పన్నెండున్నర. వజ్రపుకొత్తూరు నుంచి పలాసకు పిక్కలతో వెళ్లిన బండి ఖాళీగా తిరిగొస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒక ఊహాలెక్క చూద్దాం. సరుకుతో వెనక కమాన్ల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీద 1000 కిలోలు పడి, అవి 10 సెంటీమీటర్లు కుంగాయనుకుంటే, బండి సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతుంది. సరుకు దించాక 400 కిలోలే మిగిలితే కుంగుడు 4 సెంటీమీటర్లు, ఊపు 2.5. డ్రైవరు నడుముకు తగిలేది ఈ రెండోదే. బ్యాటరీ వల్ల ఖాళీ బరువు 500కు పెరిగి, మొత్తం 1000 దాటకుండా చూస్తే ఊపు 2.2కు దిగుతుంది. కానీ ఆ మెత్తదనానికి వంద కిలోల సరుకు వదులుకోవాలి. ఇదంతా కాగితం మీది లెక్కే, రోడ్డు మీది కొలత కాదు.

మోటారు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. దాన్ని యాక్సిల్ మీదే బిగిస్తే, స్ప్రింగుల కింద ఉండే బరువు పెరిగి గుంతల దెబ్బ గట్టిగా తగులుతుంది. ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్‌లో అలా కాక మోటారు ఛాసిస్‌కు బిగిసి ఉంటుంది, వెనక చక్రాలు దేనికవి విడిగా ఆడతాయి. చిన్న బండికి ఆ ఖర్చు తగునా అంటే నాకు అనుమానమే. ఎందుకంటే కమాన్ కట్ట బరువు మోయడమే కాదు, యాక్సిల్‌ను కుదురుగా పట్టి ఉంచుతుంది కూడా.

తీరంలో ఇంకో చిక్కుంది. మంచినీళ్లపేట చేపల పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్లు పట్టీల మధ్యకు చేరి తుప్పు పట్టిస్తాయి. ఒకదానికొకటి పట్టేసిన పట్టీలు చిన్న కుదుపులకు కదలవు, కుదుపు నేరుగా ఛాసిస్‌కు పోతుంది. అప్పుడు పై లెక్క కూడా పనికిరాదు. మధ్యలోనూ కొసల్లోనూ మాత్రమే తగిలే పారాబొలిక్ పట్టీల్లో ఈ బెడద తక్కువ. దానికి తోడు, బరువు పడ్డాకే అందుకునే హెల్పర్ కమాన్ ఉంటే ఈ దారులకు అనువని నా అంచనా.

అయితే ఎనిమిదో బస్తా కోసం పట్టీ అదనంగా వేయించడం వేరే సంగతి. 640 కిలోలతో కమాన్లు కుంగకపోవచ్చు, బ్రేకులూ టైర్లూ మాత్రం పాత బరువుకు చేసినవే. ఖాళీ ప్రయాణం ఇంకా గట్టిపడుతుంది.