ఒంటిమీది సొమ్ము, సరిహద్దు తూకం

విదేశం నుంచి దిగిన మనిషి మెడలోని గొలుసు నగా, సరుకా? కస్టమ్స్ బల్ల దగ్గర ఈనాటికీ తెగని తగువు ఇది. కౌటిల్యుడి అర్థశాస్త్రం దీన్ని వస్తువు అవసరాన్ని బట్టి తేల్చింది. పెళ్లికి, పురిటికి, పూజకు ఉద్దేశించినవాటికీ, ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తింటికి తీసుకెళ్లేవాటికీ సుంకం లేదు. అబద్ధమాడి ఆ మినహాయింపు పొందితే మాత్రం దొంగకు వేసే శిక్షే.

మన తీరంలో కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం (1244–45) మరో దారి పట్టింది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాగేసుకునేవారు. తాను సుంకం తప్ప మరేమీ ముట్టనని గణపతిదేవుడు రాతిమీద చెక్కించాడు. సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం వంటివాటికి విడిగా రేట్లు. ఎంత కట్టాలో ముందే తెలిస్తే దాచే అవసరం తగ్గుతుందన్న లెక్క అందులో ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. విదేశీ మారకద్రవ్యం కాపాడుకోవడానికి ప్రభుత్వం బంగారం దిగుమతిని కట్టడి చేసింది. చైనా యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, 1963 జనవరిలో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించారు. ఎందరో కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. 1968 బంగారం నియంత్రణ చట్టంతో ఇంట్లో బిస్కెట్టు ఉంచుకోవడమే నేరమైంది. జనానికి బంగారం మీద మోజు మాత్రం తగ్గలేదు. దుబాయ్ నుంచి పడవల్లో పశ్చిమ తీరానికి పది తులాల బిస్కెట్లు, ఒక్కొక్కటి 116.64 గ్రాములు, దిగుతూనే ఉన్నాయి. ఆనాటి సినిమా విలన్లకు అవే పెట్టుబడి.

1990లో ఆ చట్టం రద్దయింది. 1992లో ప్రవాస భారతీయులు సుంకం కట్టి ఐదు కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో పరిమితి పది కిలోలైంది. తర్వాత అది కిలోకు దిగింది. కనీసం ఆరు నెలలు విదేశంలో ఉన్నవారికే ఆ వెసులుబాటు, సుంకం విదేశీ కరెన్సీలోనే. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవారికి తిరుగు ప్రయాణంలో బంగారం తేవడమంటే పొదుపును ఇంటికి చేర్చడమే.

సుంకం లేకుండా తెచ్చుకునే నగల కథ వేరు. ఏడాదికి మించి విదేశంలో ఉన్న మగవారికి 10,000 రూపాయలు, ఆడవారికి 20,000 అని 1991లో హద్దు పెట్టారు. అప్పట్లో పది గ్రాములు మూడున్నర వేల లోపే కాబట్టి ఆ ఇరవై వేలకు యాభై గ్రాముల పైన వచ్చేది. 2012 నాటికి ఏడు గ్రాములు కూడా రాలేదు. నిబంధనల్లో అంకె మారలేదు, అనుమతి మాత్రం చేతి గాజుల నుంచి చెవి కమ్మలకు కుదించుకుపోయింది. 2013 బడ్జెట్ ఆ మొత్తాలను ఐదింతలు చేసింది. 2016 నిబంధనలు తూకాన్నీ చేర్చాయి: మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40. అయినా 50,000, లక్ష రూపాయల హద్దులు 2026 మొదటి దాకా అలాగే ఉన్నాయి. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటేసరికి నలభై గ్రాముల మాట కాగితానికే పరిమితమైంది. ఒంటిమీది పాత నగలు పట్టుకున్న కేసుల్లో ఢిల్లీ హైకోర్టు ఈ హద్దులకు కాలం చెల్లిందని అభిప్రాయపడింది.

ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన నగలకైతే వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. బిల్లులు, ఫొటోలు, తూకం చూపిస్తే వివరాలు రాసి ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు అదే సాక్ష్యం. పెళ్లికని నగలతో అమెరికా వెళ్లే కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు.

దొంగచాటు రవాణాకు అసలు మేత సుంకం. 2012 మొదట్లో రెండు శాతానికి చేరిన సుంకం 2013లో పదికి, 2022లో పదిహేనుకు పెరిగింది. 2024 జులైలో ఆరుకు దించారు. పట్టుబడకపోతే మిగిలేది ఎంత ఎక్కువైతే తెగించేవాళ్లు అంత ఎక్కువవుతారు. మితమైన సుంకం, ధరతో మారని తూకం రెండూ ఉంటే కస్టమ్స్ బల్ల దగ్గర దొంగ ఎవరో, పెళ్లికూతురి తల్లి ఎవరో తేల్చడం అధికారికీ సులువవుతుంది.