పసికందు కన్నులు - కెమెరా మెరుపు

ఇరువదియొకటవ దినము. ఇంట బారసాల. ఉయ్యాలలోని శిశువు కన్నులు విప్పి చూచుచున్నది. మేనమామ కెమెరా ఎత్తినాడు. తళుక్కున మెరుపు మెరసినది. గదిలో ఒక మూలనుండి అమ్మమ్మ కేక: "ఒరేయ్, ఆ లైటు వేయకురా! పసిగుడ్డు కళ్ళు పోతాయి!"

ఈ మాట వినబడని తెలుగు లోగిలి అరుదు. ఫొటో తీసినచో ఆయుష్షు తరుగునని మన పూర్వులు భయపడిరి. దృష్టి తగులునని కొందరు నేటికిని పసివారి బొమ్మను ఇతరులకు చూపరు. ఈ రెండును నమ్మకమునకు సంబంధించిన విషయములు; వానిజోలికి మేము పోవుట లేదు. కాని కన్నులు పోవునన్న మాట అట్టిది కాదు. అది నిజమో కాదో పరీక్షించి తేల్చదగిన ప్రశ్న. వైద్యశాస్త్రము దానిని ఏబది సంవత్సరములకు పైగా పరీక్షించినది. ఆ చరిత్రను శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము.

1839లో ఫ్రాన్సు దేశీయుడగు డాగెర్ ఛాయాచిత్రకళను లోకమునకు వెల్లడించినప్పుడు కెమెరాకు మెరుపు లేదు. సూర్యకాంతియే ఆధారము. బొమ్మ పడవలెనన్న చాలసేపు కదలక కూర్చుండవలెను. పెద్దలకే కష్టమైన ఆ పని పసివారికెట్లు సాధ్యము? అందుచేత పాశ్చాత్య దేశములలో తల్లి తన తలపై దుప్పటి కప్పుకొని కుర్చీవలె కూర్చుండి, బిడ్డను ఒడిలో కదలకుండ పట్టుకొనెడిది. అట్టి చిత్రములు నేటికిని లభించుచున్నవి. వానిలో బిడ్డ కనబడును; తల్లి మాత్రము ముసుగు క్రిందనే యుండును.

మెరుపు తరువాత వచ్చినది. 1864లో ఇంగ్లండునందు మెగ్నీషియము తీగను వెలిగించి ఆ వెలుగులో బొమ్మలు తీసిరి. 1887లో జర్మనీయందు మీథె, గేడికె అనువారు మెగ్నీషియమును మరికొన్ని ద్రవ్యములతో కలిపి మెరుపుపొడి తయారుచేసిరి. అది బాణసంచా మందు వంటిది. నిప్పు తగిలినంతనే భగ్గున మండి గదినంతయు పొగతో నింపెడిది. న్యూయార్కు పేదవాడల దుస్థితిని ఛాయాచిత్రములతో లోకమునకు చాటిన జేకబ్ రీస్ ఈ పొడితో రెండుమారులు తాను ప్రవేశించిన ఇండ్లకే నిప్పంటించెను. కనుక ఆ కాలపు తల్లి కెమెరా మెరుపునకు జడిసినదనిన, ఆమెను తప్పుపట్టుటకు వీలులేదు. అయితే ఆ భయము నిప్పును గూర్చినది.

1929 ప్రాంతమున ఆ మంటను గాజుబుడ్డిలో బంధించిరి. 1930 తరువాత అమెరికాలో హెరాల్డ్ ఎడ్జెర్టన్ విద్యుత్తుతో క్షణికమైన మెరుపు పుట్టించు విధానమును అభివృద్ధి చేసెను. నేటి కెమెరాలోని మెరుపు ఆ వంశములోనిదే. అది సెకనులో వెయ్యవ వంతు ప్రాంతము వెలిగి ఆరిపోవును.

ఇక కన్నుల కథకు వత్తము. 1942లో బోస్టను నగరమున థియొడోర్ టెర్రీ అను నేత్రవైద్యుడు నెలలు నిండకమునుపే పుట్టిన శిశువులలో ఒక క్రొత్త అంధత్వమును వర్ణించెను. పుట్టినప్పుడు బాగుగనున్న కన్ను కొలది వారములలో చెడిపోవుచుండెను. కారణమేమి? మొదట అనుమానింపబడిన వానిలో వెలుగు ఒకటి. ఈ తర్కము సహజమే. గర్భమునందు చీకటిలో నుండవలసిన కన్ను, కాలము రాకమునుపే వెలుగున పడినది. ఆ వెలుగే దానిని కాల్చెనేమో! 1949లో కొందరు వైద్యులు అట్టి శిశువుల కన్నులకు కట్లు కట్టి పరీక్షించిరి. కట్టు కట్టినను వ్యాధి ఆగలేదు.

అసలు నేరస్థుడు అందరును మిత్రుడని నమ్మినవాడు. 1951లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నునందు కేట్ కాంప్‌బెల్ అను శిశువైద్యురాలు, ఇన్‌క్యుబేటరులలో ధారాళముగ ఇచ్చుచున్న ప్రాణవాయువును అనుమానించినది. 1953లో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి పరిశోధన సాగించి ఆమె అనుమానము నిజమని తేల్చినవి. అప్పటికి వివిధ దేశములలో సుమారు 10,000 మంది పసివారు చూపు కోల్పోయి యుండిరి. 1950లో నెలలు నిండక పుట్టి, తరువాత లోకప్రసిద్ధుడైన గాయకుడు స్టీవీ వండర్ వారిలో నొకడు. బిడ్డ ప్రాణము నిలుపవలెనన్న ఆతురతతో ఇచ్చిన వాయువే కన్నులను హరించినది. పిమ్మట దానిని మితిమీరి తగ్గించుటచే ఊపిరి చాలక మరణించిన శిశువులును కలరు. ఎంత ఇవ్వవలెనన్నది నేటికిని వైద్యులు కొలచి కొలచి నిర్ణయించు విషయమే.

వెలుగుపై అనుమానము మాత్రము అంతటితో పోలేదు. 1985లో వాషింగ్టనునందు జరిగిన ఒక పరిశీలన, ఆసుపత్రి గదులలోని తీవ్రమైన దీపకాంతి అట్టి శిశువులకు హాని చేయవచ్చునని సూచించినది. దీనిని తేల్చుటకు నెలలు నిండక పుట్టిన 409 మంది శిశువులపై మరియొక పరిశోధన జరిగెను. కొందరికి పుట్టిన 24 గంటలలోపలనే వెలుగును నూటికి 97 పాళ్ళు అడ్డగించు కళ్ళజోళ్ళు పెట్టిరి, తక్కినవారికి పెట్టలేదు. 1998లో ఫలితము వెలువడినది. జోడు పెట్టినవారిలో నూటికి 54 మందికి, పెట్టనివారిలో నూటికి 58 మందికి ఆ వ్యాధి కనబడినది. అంత కొలది భేదము యాదృచ్ఛికముగ రాదగినదే. వారములకొలది పడిన దీపకాంతి, పక్వము కాని కంటికి ఈ వ్యాధి తేలేదని తేలినది. అట్లయినచో నెలలు నిండి పుట్టిన బిడ్డపై రెప్పపాటుకన్న తక్కువకాలము మెరసిన మెరుపు మాటేమి?

నేత్రవైద్యులు పసికందు కంటిపాపను మందుతో విప్పార్చి, దీపము వేసి, లోపలి పొరను నిదానముగ పరీక్షింతురు. ఆ పరీక్ష పసికంటికి చేటు చేయదు. 2015లో చైనానుండి ఒక వార్త వచ్చినది. దగ్గరనుండి తీసిన ఫొటో మెరుపుచే మూడు నెలల శిశువునకు ఒక కన్ను పోయినదట! అది లోకమంతయు ప్రాకినది. మెరుపు అట్టి హాని చేయజాలదని పలువురు నేత్రవైద్యులు అప్పుడే ఖండించిరి. ఖండన మాత్రము వార్త పోయినంత దూరము పోలేదు.

మరి ఆసుపత్రిలో పచ్చకామెర్లు వచ్చిన శిశువును నీలికాంతి దీపముల క్రింద పరుండబెట్టినప్పుడు కన్నులకు గంత లేల కట్టుదురని అడుగవచ్చును. 1950 దశకమున ఇంగ్లండులో వెలువడిన ఆ చికిత్సలో తీవ్రమైన వెలుగు గంటలకొలది, దినములకొలది పడును. అచట జాగ్రత్త అవసరము. నిప్పురవ్వకును పొయ్యి మంటకును గల తారతమ్యము వంటిదే ఇది.

ఈ చరిత్రలో చివరి ఘట్టము మమ్ములను అన్నిటికన్న ఆశ్చర్యపరచినది. మెరుపు వేసి తీసిన ఫొటోలో కంటిపాప ఎఱ్ఱగా కనబడుట మనమెరుగుదుము. అది కంటి లోపలి పొరలోని రక్తపు రంగు. ఎఱుపునకు మారుగా ఒక కంటిపాప తెల్లగా మెరసినచో, లోపల శుక్లమో, పసివారి కంటికి వచ్చు రెటినోబ్లాస్టోమా అను కాన్సరో ఉండవచ్చును. అమెరికాలో బ్రయన్ షా అను రసాయనశాస్త్రజ్ఞుని కుమారునకు నాలుగవ నెలలో ఈ కాన్సరు బయటపడినది. పిమ్మట ఆ తండ్రి ఇంటిలోని ఫొటోలన్నిటిని వెదకి చూడగా, బిడ్డ పుట్టిన పండ్రెండవ నాటి చిత్రముననే ఆ తెల్లని మెరుపు కనబడెను! 2013లో ఆయన తన పరిశీలనను ప్రకటించెను. కన్ను తీయునని జడిసిన మెరుపు, కన్ను పోవుచున్నదని ముందే చెప్పినది. చూచినవారు లేకపోయిరి.

నేడు మన దేశమున 34 వారములకు ముందు పుట్టిన శిశువులకును, 2,000 గ్రాములకు తక్కువ తూగు శిశువులకును ముప్పది దినములలోపల కంటి పరీక్ష జరుగవలెనని నియమము కలదు. కర్ణాటకలో 2008 నుండి సాంకేతిక నిపుణులు కెమెరాలతో జిల్లా ఆసుపత్రులకు పోయి, పసికందుల కంటి లోపలి పొరను ఫొటో తీసి బెంగుళూరులోని వైద్యులకు పంపుచున్నారు. మన హైదరాబాదునందు 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థలో ఈ వ్యాధికిని, పైన చెప్పిన కాన్సరునకును చికిత్స కలదు. ఈ రెండింటను ఆలస్యమే శత్రువు.

కనుక మేనమామను ఫొటో తీయనిండు. మెరుపును ముఖమునకు ఆనించి వేయుట మాత్రము తగదు, బిడ్డ ఉలికిపడును. కిటికీ వెలుగు దొరికినచో అంతకన్న మేలు. ఫొటో ముచ్చటకై మెడ నిలువని బిడ్డను బుట్టలో వంచి కూర్చుండబెట్టుట, చలిలో బట్టలు విప్పి ఉంచుట, కడుగని చేతులతో ఎత్తుకొనుట, వీనికి జంకవలెను. అమ్మమ్మకు మా మనవి ఒక్కటే: ఆ ఫొటో చేతికి వచ్చినప్పుడు మనుమరాలి రెండు కన్నులను పరకాయించి చూడుడు. ఒక్క కంటిలో తెల్లని మెరుపు కనబడినచో అది కెమెరా దోషమేయని త్రోసివేయక, మరునాడే నేత్రవైద్యుని యొద్దకు తీసికొని పొండు.