బాంటింగ్ గారి మెట్లు

స్వీడన్‌లో లావు తగ్గడానికి తిండి కట్టడి చేసుకోవడాన్ని 'బంటా' అంటారు. ఆ క్రియాపదం ఒక ఇంగ్లిషు మనిషి ఇంటిపేరులోంచి పుట్టిందని తెలిసిన రోజు నా సంబరం ఇంతా అంతా కాదు.

ఆయన విలియం బాంటింగ్. లండన్‌లో అంత్యక్రియలు జరిపించడం వాళ్ల కుటుంబ వృత్తి. 1852లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌ను సాగనంపిందీ వాళ్లే. 1862 నాటికి బాంటింగ్ అరవై ఐదు దాటాడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూటు తాడు కట్టుకోలేడు. మేడ దిగాలంటే వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ మెల్లగా దిగేవాడు. తగ్గుదామని పడవ నడిపితే ఆకలి పెరిగిందే తప్ప ఒళ్లు తగ్గలేదు.

చెవులు సరిగా వినబడక విలియం హార్వే అనే చెవి వైద్యుణ్ణి కలిశాడు. హార్వే పారిస్‌లో మధుమేహం మీద శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విని వచ్చినవాడు. చెవుల బాధకు లావే కారణమనుకుని రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. మాంసం, చేపలు తినమన్నాడు. పొద్దున టీలో పాలూ లేవు, పంచదారా లేదు. ఏడాది తిరిగేసరికి 46 పౌన్లు తగ్గాడు. 1863లో ఆ సంగతంతా చిన్న పుస్తకంగా రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, ఊరికే పంచాడు.

నాకు ఆయన మీద గౌరవం అక్కడే. అమ్ముకోవడానికి ఆయన దగ్గర పొడీ లేదు, సీసా లేదు. తన బరువు, తన భోజనం, తన మెట్లు, అంతే చెప్పాడు. ఆ నిజాయితీ తర్వాతి కాలంలో పోయింది, అదే నా బాధ.

ఇరవయ్యో శతాబ్దంలో గాలి తిరిగింది. అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త గుండెజబ్బుకు కొవ్వును తప్పుపట్టాడు. లండన్‌లో జాన్ యుడ్కిన్ అనే పోషకాహార నిపుణుడు 1972లో పంచదారే విషమని పుస్తకం రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1967లో కొవ్వునే వేలెత్తి చూపిన హార్వర్డ్ వ్యాసానికి పంచదార పరిశ్రమ డబ్బిచ్చిందని 2016లో గానీ బయటపడలేదు. 1977లో అమెరికా సెనేట్ కమిటీ కూడా కొవ్వు తగ్గించమంది. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ అన్నం మాన్పించి కొబ్బరినూనె తాగమన్నప్పుడు అదేదో కొత్త వైద్యమన్నట్టు చెప్పుకున్నాం. అన్నం మానమనడంలో కొత్తేమీ లేదు. వెన్న కూడా మానమన్న హార్వే మాట మాత్రం మరుగున పడింది.

ఏది తగ్గిస్తే మేలో చూద్దామని 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది చూశారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదని తేల్చారు. పంచదార, మైదా తగ్గించి కూరగాయలు ఎక్కువ తినమని మాత్రం రెండు జట్లకూ చెప్పారు.